ఉండాల్సిన చోట లేని అక్షరాలు: ఒక యజ్ఞ శాతకర్ణి వెండి నాణెం కేసు

వేలంలో కొన్న ఒక పాత వెండి నాణెం అసలుదా, నకిలీదా అని మేము పరీక్షించిన కేసు ఇది. ఇందులో వ్యక్తుల పేర్లు, ఊళ్లు, వేలం సంస్థల పేర్లు, లాట్ నంబర్లు తీసేశాం. నాణెం కొలతలు, పరీక్షల ఫలితాలు, వాటిని చూసి తీసుకున్న నిర్ణయాలు మాత్రం వరసగా ఇస్తున్నాం. ఎక్కడ పొరపాటు పడ్డామో అదీ రాశాం. ఈ కేసులో ఎక్కువ పాఠం ఉన్నది అక్కడే.

నేపథ్యం

శాతవాహనుల నాణేల్లో ఎక్కువ భాగం సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన మిశ్రమం), రాగివి. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట లాంటి చోట్ల దొరికిన శాతవాహన నాణేల్లోనూ ఇవే ఎక్కువ. అరిగిపోయిన సీసం నాణెం కొద్ది డబ్బుకే దొరుకుతుంది కాబట్టి దానికి దొంగ అచ్చు చేయించడం ఎవరికీ గిట్టుబాటు కాదు. రాజు తల బొమ్మ ఉన్న వెండి నాణేల సంగతి వేరు. బరువు రెండు గ్రాముల అటూ ఇటూ, వెడల్పు బొటనవేలి గోరంత. బొమ్మ వైపు రాజు ముఖం, దాని చుట్టూ బ్రాహ్మీ లిపిలో ప్రాకృతం. బొరుసు వైపు ఆరు వంపుల కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు నాలుగు కొసల్లో సున్నాలు), వాటి చుట్టూ మరో పలుకుబడిలో అదే రాజు పేరు. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి నాణెం మీద ‘తిరు హాతకణికు’ అని చదివినప్పుడు తెలుగువాళ్లకైనా తమిళులకైనా ఒళ్లు జలదరిస్తుంది. రెండు వేల ఏళ్ల కిందట దక్షిణాది మాట ఒకటి వెండి మీద నిలిచిపోయిందన్న భావన అది. ఆ భావనకే మార్కెట్లో ధర పలుకుతుంది. దొంగ అచ్చు తయారయ్యేదీ అందుకే.

వెండి పోలికకు ఇంకో సంగతి తెలియాలి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా, పశ్చిమ భారతాన్ని ఏలిన క్షత్రప వంశపు రాజు నహపానుడి వెండి నాణేలు దొరికాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు తిరిగి కొట్టించాడు. అంటే క్షత్రపుల వెండి, శాతవాహనుల వెండి ఒకే చెలామణిలో తిరిగాయి. అరిగిపోయి ముఖం కూడా కనిపించని క్షత్రప వెండి నాణేలు ఈ రోజుకీ చవగ్గా దొరుకుతాయి. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

సమస్య

ఒక సేకరణదారు జనవరిలో ఒక వేలంలో శాతవాహన రాజు గౌతమీపుత్ర యజ్ఞ శాతకర్ణి వెండి నాణెం కొన్నారు. హామర్ ధర (వేలం పాటలో ఖరారైన ధర) 68,000 రూపాయలు, దాని మీద 15 శాతం ప్రీమియం (వేలం సంస్థ రుసుము), ఆపైన జీఎస్‌టీ. వెంట ‘1972 కంటే ముందు నుంచీ ఒక కుటుంబంలో ఉన్నది’ అని టైపు చేసిన ఉత్తరం ఇచ్చారు. ఏడాది తిరిగాక ఆయన దాన్ని అమ్మకానికి ఇంకో సంస్థకు ఇస్తే, వాళ్లు ‘అనుమానంగా ఉంది, తీసుకోలేం’ అని ఒక్క ముక్క చెప్పి వెనక్కి పంపారు. ఎందుకు అనుమానమో చెప్పలేదు. మొదటి సంస్థను అడిగితే, ‘మా నిపుణులు చూశారు, లోహ పరీక్ష రిపోర్టు కూడా ఉంది, పైగా 30 రోజుల గడువు దాటిపోయింది’ అన్నారు.

మా దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నలు రెండు. నాణెం అసలుదా కాదా? కాకపోతే, గడువు దాటాక కూడా అమ్మినవాళ్లు కాదనలేని విధంగా దాన్ని చూపించడం ఎలా? ఈ రెండూ ఒకటే ప్రశ్న అనుకోవడం మా మొదటి పొరపాటు. మనకు నమ్మకం కలగడానికి చాలిన ఆధారం వేరు, నష్టపోయే పక్షం ఒప్పుకోడానికి చాలిన ఆధారం వేరు.

నాణేలను పరీక్షించి ధ్రువీకరించే విదేశీ గ్రేడింగ్ సంస్థకు పంపమని ఆయనకు చాలామంది సలహా ఇచ్చారట. అది కుదరదని మొదటే చెప్పాం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. నకిలీ అని తేలితే పురావస్తువు కాదు, నిజమే. కానీ తేలాల్సిన సంగతే అది. తేలకముందే కొరియర్లో వేయడం ఏ రకంగానూ సబబు కాదు.

ముందు చేసిన పరీక్షలు, అవి తేల్చని సంగతులు

బరువు 1.984 గ్రాములు, వెడల్పు ఎక్కువ ఉన్నచోట 15.9 మి.మీ. రెండూ మామూలు పరిధిలోనే ఉన్నాయి. బరువు తేడా ఉంటే అనుమానించొచ్చు గానీ, సరిపోయినంత మాత్రాన నమ్మడానికి లేదు. త్రాసు దొంగకూ ఉంటుంది.

సరాఫా బజారులో గీటురాయి మీద గీయిస్తే సరిపోదా అని ఆయన అడిగారు. వద్దన్నాం. గీస్తే అంచు లోహం పోతుంది, తెలిసేది వెండి పాలు మాత్రమే. అదే సంగతి నాణేన్ని ముట్టకుండా, ఎక్స్‌రేలతో లోహాల పాళ్లు చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం చెబుతుంది. నగల కారట్ చూసే చోట ఉండేది అదే. మూడు చోట్ల పెట్టి చూస్తే సగటున వెండి 93.6, రాగి 5.1, సీసం 0.7, బంగారం 0.5 శాతం వచ్చింది.

ఈ అంకెలు చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కారణం లేకపోలేదు. పాతకాలంలో వెండిని సీసంతో పుటం పెట్టి శుద్ధి చేసేవారు. పుటంలో రాగి, సీసం చాలావరకు పోతాయి గానీ బంగారం పోదు. అందుకే ప్రాచీన వెండిలో కొద్దిపాటి బంగారం మిగిలి ఉంటుంది. విద్యుత్తుతో శుద్ధి చేసే ఇప్పటి ఎలక్ట్రోలైటిక్ వెండిలో అది కనిపించదు. కాబట్టి బంగారం జాడ లేకపోతే నాణెం మీద గట్టి అనుమానం పడాల్సిందే. ఉంటే? అరిగిపోయిన క్షత్రప నాణేలు నాలుగైదు మూసలో వేసి కరిగిస్తే వచ్చేదీ బంగారం జాడ ఉన్న ప్రాచీన వెండే. యంత్రం లోహం వయసు గురించి పరోక్షంగా ఏదో చెబుతుంది. అచ్చు ఎప్పుడు పడిందో చెప్పదు. పైగా అది చూసేది పైపొరను మాత్రమే. మట్టిలో ఉన్న నాణెం పైపొరలో రాగి కరిగిపోయి వెండి పాలు ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి వేలం సంస్థ చేతిలో ఉన్న రిపోర్టు కూడా ఇలాంటిదే. అబద్ధం కాదు, అడిగిన ప్రశ్నకు జవాబు కాదు, అంతే.

తర్వాత విశిష్ట సాంద్రత. ఇది సులువైన పరీక్ష అని అందరూ చెబుతారు, రెండు గ్రాముల నాణేనికి మాత్రం జాగ్రత్త కావాలి. నాణేన్ని సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి, తగ్గిన బరువుతో అసలు బరువును భాగించాలి. 0.01 గ్రాము వరకే చూపే త్రాసులో తగ్గుదల 0.19 అని వస్తుంది. అంటే సాంద్రత 10.42. కానీ ఒక్క అంకె అటూ ఇటూ అయితే 9.9 నుంచి 11.0 దాకా ఏదైనా రావచ్చు. ఆ లెక్క దేనికీ పనికిరాదు. 0.001 త్రాసు మీద తగ్గుదల 0.192 వచ్చింది, సాంద్రత 10.33. పై మిశ్రమానికి లెక్క ప్రకారం రావాల్సింది 10.44. ఒక్క శాతం తక్కువ. లోపల గాలి బుడగలు ఉన్నా ఇంత తగ్గుతుంది, భూమిలో ఉండి లోపలి దాకా తుప్పు తిన్న అసలు నాణెంలోనూ ఇంత తగ్గుతుంది. పక్కన పెట్టేశాం.

అక్షరాల మధ్య ఎర్రమట్టి పట్టి ఉంది. స్వచ్ఛమైన అసిటోన్‌లో, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో ఒక రోజంతా ఉంచాం. గోళ్ల రంగు తీసే ద్రావకం ఇందుకు వాడకూడదు, దాంట్లో నూనెలు ఉంటాయి. మర్నాడు మట్టి అడుగుకు చేరింది, ద్రావకం మీద జిగురు తెట్టె తేలింది. భూమిలో వందల ఏళ్లు పట్టిన మట్టి అసిటోన్‌కు ఇలా ఊడదు. జిగురు కలిపి అంటించిన మట్టి అన్నమాట. ఇది చూసిన నిమిషంలో సేకరణదారు ‘ఇంకేం అండీ, తేలిపోయింది కదా’ అన్నారు. తేలలేదు. అసలు నాణేన్ని అతిగా తోమేసి, ఆ మెరుపు దాచడానికి మట్టి పూసి అమ్మే వ్యాపారులు ఉన్నారు. మట్టి అంటించిన చెయ్యీ అచ్చు కొట్టిన చెయ్యీ ఒకటేనని దీన్నిబట్టి అనలేం.

చివరికి మైక్రోస్కోపు. ఇక్కడే ఎక్కువ మంది దారి తప్పుతారు. పోత పోసిన నకిలీని పట్టుకోవడం తేలిక: ఉపరితలం మీద గుండ్రటి సన్న గుంటలు, నేలను (బొమ్మ, అక్షరాలు లేని చదును భాగాన్ని) కలిసే చోట అక్షరాల మొదళ్లు మొద్దుబారి ఉండటం, అంచు చుట్టూ రెండు అచ్చుల అతుకు గీత, ఆ గీతను ఆకురాయితో అరగదీసిన గుర్తులు. ఈ నాణెంలో అవేవీ లేవు. దానికి బదులు, అంచు వైపు లోహం పరుచుకున్న సన్న ధారలు కనిపించాయి. దెబ్బ పడినప్పుడు లోహం బయటికి పారుతుంది, ఆ పారిన జాడలే అవి. అంటే ఇది కొట్టిన నాణెం. మొదటి సంస్థ నిపుణుల వాదన కూడా ఇదే: పోత కాదు, కొట్టినది, కాబట్టి అసలుది.

ఆ ‘కాబట్టి’ దగ్గరే తప్పు ఉంది. కొట్టిన నాణెం అంటే ఒక అచ్చు, అంటే బొమ్మ తిరగేసి ఉన్న లోహపు దిమ్మ, ఉంది అని అర్థం. ఆ అచ్చు ఎవరిదో ఇంకా తెలియదు. అసలు నాణెం ఒకటి తీసుకుని, దాని ముద్ర నుంచి ఉక్కు అచ్చు తయారు చేసి, ప్రాచీన వెండి బిళ్ల మీద కొడితే బరువు, లోహం, ధారలు అన్నీ సరిగ్గానే వస్తాయి. 19వ శతాబ్దంలో జర్మనీలో బెకర్ అనే నకిలీ నాణేల తయారీదారు గ్రీకు, రోమన్ నాణేల అచ్చులు స్వయంగా చెక్కాడు. చెక్కినవాటిలో చెక్కిన చేతి వాటం దొరుకుతుంది. అసలు నాణెం నుంచి నేరుగా ఎత్తిన అచ్చులో అక్షరాల తీరు పాతకాలపు చెక్కుడే. అందుకే లిపి నిపుణులకు చూపించినా లాభం ఉండదు. మేము ఫొటోలు పంపిన ముగ్గురిలో ఇద్దరు మంచిదన్నారు, ఒకరు కాదన్నారు. ముగ్గురూ కారణం రాయలేదు.

టైపు చేసిన ఉత్తరం సంగతి. అందులో ‘శాతవాహన వెండి నాణెం ఒకటి’ అని ఉంది. బరువు లేదు, ఫొటో లేదు. ఆ ఉత్తరం ఏ నాణేనికైనా అతుకుతుంది. పాత ఫొటోతో ముడిపడని పూర్వ చరిత్రకు మేము విలువ ఇవ్వం. పత్రం, నాణెం రెండూ విడివిడిగా పరీక్షించాల్సినవి. 2020లో లండన్ వేలంలో 27 లక్షల పౌండ్ల హామర్ ధర పలికిన రోమన్ నేత బ్రూటస్ బంగారు నాణెం విషయంలో నాణెం అసలుదే, దాని పూర్వ చరిత్ర అబద్ధమని తేలి 2023లో గ్రీసుకు తిరిగి వెళ్లింది. అక్కడ మంచి నాణేనికి దొంగ పత్రం. ఇక్కడ రెండూ ప్రశ్నార్థకమే.

మొదటి ఉత్తరం ఎందుకు బెడిసికొట్టింది

ఇంత పని చేశాక ఆరు పేజీల నివేదిక రాసి వేలం సంస్థకు పంపాం. సాంద్రత లెక్క, జిగురు మట్టి, పత్రంలోని లోపం, అన్నీ వరసగా పెట్టాం. పది రోజుల్లో జవాబు వచ్చింది: ‘మీ నివేదిక ప్రకారమే వెండి సరిగ్గా ఉంది, బరువు సరిగ్గా ఉంది, నాణెం కొట్టినదే. కాబట్టి మా అభిప్రాయం మారలేదు.’

తప్పు మాదే. అనుమానాలను ఒకదాని మీద ఒకటి పేర్చితే రుజువు అవుతుందనుకున్నాం. అవతలివాళ్లు వాటిలో బలహీనమైనదాన్ని పట్టుకుని మొత్తం పక్కన పెట్టారు. ఇంకో మార్గం వెతకాలి. నాణేన్ని ఒంటరిగా ఎంత చూసినా రాని జవాబు, దాని తోబుట్టువులను పక్కన పెడితే రావచ్చు.

తోబుట్టువుల వెతుకులాట

రెండు వారాలు కేటలాగ్‌లు తిరగేశాం. యజ్ఞ శాతకర్ణి తల బొమ్మ వెండి నాణెం కనిపించిన ప్రతిచోటా ఫొటో దాచి, ఒకే కొలతకు తెచ్చి పక్కపక్కన పెట్టాం. కొలత కలపడానికి రెండు స్థిర బిందువులు తీసుకున్నాం: బొమ్మ వైపు రాజు కంటి మూల, చెవి తమ్మె, బొరుసు వైపు కొండ శిఖరం, ఉజ్జయిని గుర్తు నడిమధ్య. వాటి మధ్య దూరం సమానమయ్యేలా ఫొటోను పెంచి, ఒకదాన్ని సగం పారదర్శకం చేసి ఇంకోదాని మీద పరిచాం. మా నాణేన్ని పక్క నుంచి, చాలా వాలుగా పడే ఒకే దీపం వెలుగులో మళ్లీ తీశాం. నాలుగు వైపులా లైట్లు పెడితే ఫొటో అందంగా వస్తుంది, గీతలు మాయమవుతాయి.

ఇదే అచ్చు నుంచి వచ్చినవి ఇంకో మూడు దొరికాయి. మాది ఎ అనుకుంటే, బి వేరే సంస్థ రాబోయే వేలంలో ఉంది, సి ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర ఉంది, డి ఒక గ్రేడింగ్ సంస్థ సీలు చేసిన ప్లాస్టిక్ స్లాబ్‌లో ఉంది. వీటికి తోడు, ఇరవై ఏళ్ల కిందటి ఒక ముద్రిత కేటలాగ్ ఫొటో పేజీలో అదే బొమ్మ కనిపించింది. దాన్ని మ అందాం.

ఒకే అచ్చు నుంచి అయిదు నాణేలు రావడం నేరమేమీ కాదు. ఒక అచ్చుతో వందల నాణేలు కొట్టేవారు. ఇక్కడ విడదీసి చూడాల్సింది, అచ్చుకు చెందిన లక్షణం ఏది, ఒక్క నాణేనికే చెందిన లక్షణం ఏది అని. అక్షరం వంపు, ముక్కు తీరు అచ్చువి. అచ్చు పగిలితే ఆ పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా వస్తుంది. అదీ అచ్చుదే, అసలు నాణేలన్నిట్లో రావచ్చు. అచ్చులో మట్టీ లోహపు తునకలూ ఇరుక్కుంటే ఆ చోట బొమ్మ సరిగ్గా పడదు, అదీ అన్నిట్లో రావచ్చు. కొండ గుర్తులో ఒక వంపు నాలుగింటిలోనూ చదునుగా ఉన్నా మేము దాన్ని రుజువుగా తీసుకోనిది అందుకే. కానీ నాణెం చేతులు మారుతూ తగిలించుకున్న గీత, మట్టిలో తిన్న గుంట, బిళ్ల పక్కకి జరగడం వల్ల తెగిన అక్షరాలు, ఇవి ఆ ఒక్క నాణేనివే. ఇద్దరు అన్నదమ్ములకు ముక్కు ఒకేలా ఉండొచ్చు. చిన్నప్పుడు పడి తెచ్చుకున్న గాటు ఇద్దరికీ ఒకే చోట ఉండదు.

మ మీద దవడ నుంచి మెడ దాకా రెండున్నర మి.మీ. గీత ఉంది, లోపలికి దిగిన గీత. అది ఎత్తుగా ఉన్న చెంప మీదా, పల్లంగా ఉన్న నేల మీదా తెగకుండా సాగింది. అచ్చు వల్ల ఇలాంటి గీత రావాలంటే అచ్చులో అంత సన్నటి గట్టు ఉండాలి, ఎవరూ అలా చెక్కరు. అదే గీత ఎ, బి, సి, డి నాలుగింటి మీదా ఉంది. ముక్కు ముందున్న తుప్పు గుంట కూడా అంతే.

అయినా గీత గురించి వాదించొచ్చు, ఫొటోలో అది వెలుగు నీడ అనొచ్చు. వాదనకు చోటివ్వనిది రాజు తల వెనక దొరికింది.

నాణెం చుట్టూ ఉండాల్సిన వాక్యం ‘రఞో గోతమిపుతస సిరి యఞ సాతకణిస’. మ కొట్టేటప్పుడు బిళ్ల ఒక పక్కకి జరిగింది. దాంతో చివరి ‘ణిస’ బిళ్ల బయట పడిపోయింది, ‘క’ అంచు మీద సగమే పడింది. బ్రాహ్మీ ‘క’ కూడిక గుర్తులా ఉంటుంది, దాని నిలువు గీత బయటి సగం తెగిపోయింది. మ మీద ఇది సహజం, ఎందుకంటే ‘క’ తెగిన చోటే నాణెం అయిపోయింది.

ఇప్పుడు ఎ చూడండి. దీని బిళ్ల పెద్దది. తల వెనక, తెగిన ‘క’ దాటాక ఇంకా 1.3 మి.మీ. వెండి ఉంది. ‘క’ మిగతా సగం, ‘ణి’ కింది భాగం పడటానికి చోటు ఉంది. కానీ అక్కడ ఏమీ లేదు, నున్నటి లోహం. ‘క’ ఖాళీ మైదానం మధ్యలో ఒక వంపు గీత వెంబడి కోసినట్టు ఆగిపోయింది. వాలు వెలుగులో 20 రెట్లు పెద్దది చేసి చూస్తే ఆ వంపు గీత సన్నటి మెట్టులా తల వెనక అంతా సాగుతుంది. మ ఫొటో దాని మీద పరిస్తే ఆ మెట్టు, మ అంచు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. తల్లి నాణెం అంచు పిల్ల నాణెం పొట్ట మీద అచ్చు పడిందన్నమాట.

మూడు ఎదురు కారణాలు మేమే వేసుకుని చూశాం. దెబ్బ సరిగ్గా పడక అక్షరం పోయిందా? అలా అయితే అక్షరం క్రమంగా పలచబడుతుంది, గీత వెంబడి తెగదు. అచ్చు అంచు విరిగిందా? విరిగిన చోట లోహం ఉబికి గడ్డలా వస్తుంది, ఇక్కడ పల్లంగా ఉంది. అచ్చే చిన్నదా? చెక్కేవాడు సగం అక్షరం చెక్కి వదిలేయడు. పైగా బి బిళ్ల ఇంకో వైపుకి పెద్దది, సి అన్ని వైపులా కొంచెం పెద్దది, అయినా మూడింటిలోనూ ఆగిపోయింది అదే ‘క’ దగ్గర, అదే సగంలో. చేత్తో కొట్టిన అసలు నాణేలైతే ఒక దానిలో ముందు అక్షరాలు, ఇంకోదానిలో వెనక అక్షరాలు పోవాలి.

సేకరణదారు నుంచి వచ్చిన చివరి ఆశ: ‘నాదే తల్లి నాణెం అయ్యుండకూడదా అండీ?’ న్యాయమైన ప్రశ్న. నకిలీల గుంపులో ఒక అసలుది ఉంటుంది, దాన్ని నకిలీ అని కొట్టేయడం కూడా నష్టమే. తేల్చే పద్ధతి రెండు రకాలు. తల్లిలో ఉన్న సన్న వివరాలు పిల్లల్లో తగ్గుతాయి గానీ పెరగవు: మ జుట్టులో విడివిడిగా కనిపించే రెండు పాయలు ఎ లో ఒకటిగా కలిసిపోయాయి. గీత అంచులు మ లో పదునుగా ఉన్నాయి, ఎ లో గుండ్రబడ్డాయి. రెండోది, తల్లి మీద తన అంచు తాలూకు మెట్టు ఉండదు. ఎ మీద ఉంది. కాదని చెప్పాల్సి వచ్చింది.

పని చేసింది

రెండో ఉత్తరం రెండు పేజీలే. మొదటి పేజీలో ఒకే కొలతలో అయిదు ఫొటోలు, ప్రతిదాని మీద తెగిన ‘క’ చుట్టూ ఎర్ర సున్నా. రెండో పేజీలో తొమ్మిది వాక్యాలు. లోహం, సాంద్రత, జిగురు మట్టి ఊసు లేదు. గీత గురించి ఒక్క వాక్యం. ‘ఎవరు చేశారు’ అన్నది రాయలేదు, ‘మీకు తెలిసే అమ్మారు’ అని కూడా రాయలేదు. మా దగ్గర దానికి ఆధారం లేదు, అలా రాస్తే అవతలి పక్షం నాణేన్ని వదిలేసి తన పరువు కాపాడుకోవడానికి దిగుతుంది. అడిగినవి మూడు: డబ్బు వాపసు, ఇదే అచ్చు నాణెం మళ్లీ వస్తే తీసుకోకూడదని లోపల నమోదు, అమ్మకానికి ఇచ్చినవాళ్లకు రాతపూర్వక సమాచారం.

ఈలోగా సేకరణదారు వాట్సాప్ గ్రూపుల్లో సంస్థ పేరుతో పోస్టు పెడతానన్నారు. ఆగమన్నాం. పరువు నష్టం కేసు భయం ఒక కారణం. ఇంకోటి, సంస్థ బహిరంగంగా ఒక మాట అనేస్తే వెనక్కి తీసుకోవడం కష్టం. ఒప్పుకునే దారి వాళ్లకు తెరిచి ఉంచాలి.

మూడు వారాలకు మే నెలలో సంస్థ ఒప్పుకుంది. 30 రోజుల షరతు ఉన్నా, అసలుదని కేటలాగ్‌లో ప్రకటించి అమ్మిన వస్తువు కాబట్టి హామర్ ధర, ప్రీమియం తిరిగి ఇచ్చింది. జీఎస్‌టీ దగ్గర చిక్కు వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపు అయితేనే క్రెడిట్ నోట్ (అమ్మినవాళ్లు ఇచ్చే వాపసు పత్రం) మీద పన్ను సర్దుబాటు ఉంటుంది. కొనుగోలు అంతకు ముందు ఏడాది జనవరిలో, గడువు నవంబర్‌లోనే పోయింది. ఆ మొత్తం ఆయనకు రాలేదు. ఆ గడువు లోపే అనుమానం వచ్చి రాతపూర్వకంగా అడిగి ఉంటే అదీ వచ్చేది. వేలంలో కొన్న నాణేన్ని 30 రోజుల లోపే ఇంకో కంటితో చూపించుకోమని, పోలిక ఫొటోలు అప్పుడే వెతకమని మేము ఇప్పుడు అందరికీ చెబుతున్నది ఈ అనుభవంతోనే.

నాణేన్ని వెనక్కి ఇమ్మని సంస్థ అడిగింది. ఉన్నది ఉన్నట్టు ఇస్తే అమ్మినవాళ్ల చేతికి, అక్కడి నుంచి ఇంకో వేలానికి పోతుంది. ముందే గాటు పెట్టేస్తే ‘మేమిచ్చిన స్థితిలో లేదు’ అని వాపసు ఆపేయొచ్చు. అందుకని వరస ఇలా పెట్టుకున్నాం: మొదట రాతపూర్వక అంగీకారం, తర్వాత బ్యాంకులో డబ్బు, ఆ తర్వాత ఇద్దరి సమక్షంలో బొరుసు వైపు నేల మీద ‘నకిలీ’ అని చెక్కడం, ముందూ వెనకా ఫొటోలు, అప్పుడు అప్పగింత. చెక్కడానికి నగల పని చేసే ఆచారి ఒకరు పావుగంట తీసుకున్నారు.

మిగిలిన పని

తెగిన ‘క’ సంగతి బయటపెడితే దొంగలు దాన్ని సరిచేస్తారు కదా అని కొందరు అడిగారు. సరిచేయాలంటే అచ్చులో రెండున్నర అక్షరాలు కొత్తగా చెక్కాలి. ఆ అక్షరాలు పక్కనున్న పాత అక్షరాల చేతి వాటంతో కలవాలి. ముంబై దగ్గరి సోపారా స్తూపంలో 1882లో పురాతత్వవేత్త భగవాన్‌లాల్ ఇంద్రజీకి దొరికిన యజ్ఞ శాతకర్ణి వెండి నాణెం లాంటి తవ్వకపు నమూనాల పక్కన పెట్టి చూస్తే ఆ తేడా దొరికే అవకాశం ఎక్కువ. దాచిపెడితే నష్టపోయేది కొనేవాళ్లే.

బి ని ఆ వేలం సంస్థ మా రెండు పేజీల పత్రం చూసి అమ్మకానికి ముందే తీసేసింది. సి ఆన్‌లైన్ పేజీ నుంచి మాయమైంది, ఎక్కడికి పోయిందో సమాచారం లేదు. డి ఇంకా స్లాబ్‌లోనే ఉంది. అంచు ప్లాస్టిక్ చట్రంలోకి పోవడంతో తల వెనక భాగం సగమే కనిపిస్తుంది, తెగిన ‘క’ మాత్రం ఆ సగంలోనే ఉంది. దాని ప్రస్తుత యజమానికి పోలిక పత్రం పంపాం. స్లాబ్ విప్పకుండానే, వాలు వెలుగులో ఆ చోటును ఎలా ఫొటో తీయాలో నాలుగు వాక్యాల్లో రాసి జత చేశాం.